బీటా గ్లోబిన్ జన్యువు: డీఎన్ఏ నుంచి ప్రోటీన్ దాకా ఒక్క అక్షరం ఎక్కడెక్కడ అడ్డుపడుతుంది

డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్. జీవశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరికీ ఈ వరుస తెలుసు. దాన్ని చూస్తే జన్యువులో ఒక అక్షరం (ఏ, టీ, జీ, సీ అనే బేస్‌లలో ఒకటి) మారితే ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం మారుతుందని, ఆ మారిన ప్రోటీన్ వల్లే జబ్బు వస్తుందని అనిపిస్తుంది. ఈ అభిప్రాయం బలపడటానికి చారిత్రక కారణం ఉంది. సికిల్ సెల్ వ్యాధి అణుస్థాయి వ్యాధి అని లైనస్ పౌలింగ్ బృందం 1949లో తేల్చింది. అందులో మారింది ఒకే ఒక్క అమైనో ఆమ్లమని వెర్నన్ ఇన్‌గ్రామ్ 1950ల మధ్యలో చూపించాడు. మొదట అర్థమైన జన్యు వ్యాధి అలాంటిది కావడంతో మిగతావన్నీ అలాగే ఉంటాయన్న ఊహ పాతుకుపోయింది.

సికిల్ సెల్‌లో మారే ఆ జన్యువు బీటా గ్లోబిన్‌ది; ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసులతో జతకట్టే గొలుసు అది. అదే జన్యువు వల్ల వచ్చే మరో జబ్బు బీటా తలసీమియా అనే రక్తహీనత. ఇందులో చాలామంది రోగులకు ప్రోటీన్ ఆకృతిలో లోపమేమీ ఉండదు. తయారయ్యే బీటా గ్లోబిన్ అచ్చంగా మామూలుదే, కాకపోతే తక్కువ తయారవుతుంది లేదా అసలు తయారుకాదు. ఈ జబ్బుకు కారణమయ్యే మ్యుటేషన్లు ఇప్పటికి మూడు వందలకు పైగా తెలిశాయి. అత్యధికం ఒక్క అక్షరం మార్పులో, ఒకటి రెండు అక్షరాల చేరికలో, తొలగింపులో. వాటిని జన్యువు మీద గుర్తుపెట్టుకుంటూ పోతే జన్యు వ్యక్తీకరణలోని, అంటే జన్యువు నుంచి ప్రోటీన్ తయారయ్యే క్రమంలోని, ప్రతి దశలోనూ ఏదో ఒకటి తగులుతుంది. జన్యువును చదవడం మొదలుపెట్టించే ప్రమోటర్‌ను దెబ్బతీసేవి కొన్ని, ఆర్ఎన్ఏలో అక్కర్లేని భాగాలను కోసి మిగతావి అతికించే స్ప్లైసింగ్‌ను తప్పుదారి పట్టించేవి కొన్ని, ఆర్ఎన్ఏ తోకను చెడగొట్టేవి కొన్ని, సందేశాన్ని ప్రోటీన్‌గా మార్చే అనువాదాన్ని ఆపేవి మరికొన్ని. అందుకే వ్యక్తీకరణ ఎలా జరుగుతుందో తెలుసుకోవడానికి ఈ చిన్న జన్యువును మించిన ఉదాహరణ దొరకదు. ఒక మార్పు తీవ్రతను అంచనా వేయాలంటే ముందు అడగవలసిన ప్రశ్న, అది ఏ దశలో అడ్డుపడుతోంది అన్నదే. ఏ అమైనో ఆమ్లం మారింది అన్నది ఆ తర్వాత.

జన్యువు కొలతలు, పేర్ల చిక్కు

మనిషి జన్యురాశిలో ఒక్కో ప్రతికి సుమారు 310 కోట్ల బేస్ జతలు ఉంటాయి. ప్రోటీన్లకు సంకేతమిచ్చే జన్యువులు 20 వేలకు అటూఇటూగా ఉన్నాయి. ఆ సంకేత భాగం మొత్తం కలిపినా జన్యురాశిలో రెండు శాతానికి మించదు. బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోమ్ పొట్టి భుజం కొసన, తన బంధు జన్యువుల పక్కన ఉంటుంది. ఆ వరుస ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా. పిండ దశలో ఎప్సిలాన్, గర్భస్థ శిశువులో గామాలు, పుట్టాక బీటా: డీఎన్ఏ మీద ఏ వరుసలో ఉన్నాయో వయసుతో పాటు అదే వరుసలో పనిలోకి వస్తాయి.

బీటా జన్యువు పొడవు సుమారు 1,600 బేస్‌లు. అందులో సందేశంలో మిగిలే భాగాలైన ఎక్సాన్లు మూడు, వాటి మధ్య కోసి తీసేసే ఇంట్రాన్లు రెండు. మొదటి ఇంట్రాన్ 130 బేస్‌లు, రెండోది 850. ఇంట్రాన్లు తీసేశాక మిగిలే సందేశం సుమారు 630 బేస్‌లు. అందులో ప్రోటీన్ సంకేతం ఆగే కోడాన్‌తో కలిపి 444 (కోడాన్ అంటే ఒక అమైనో ఆమ్లాన్ని గానీ ఆగమనే గుర్తును గానీ సూచించే మూడు అక్షరాలు). మిగతాది ముందూ వెనకా ఉండే, అనువాదం కాని భాగం. అనువాదం కాకపోయినా అది వ్యర్థం కాదు. సందేశం ఎంతకాలం నిలవాలో చాలా వరకు అదే నిర్ణయిస్తుంది.

పాత ప్రయోగశాల నివేదికలనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి చదివేవారికి ఒక హెచ్చరిక అవసరం. సికిల్ సెల్ మ్యుటేషన్‌ను పాత పద్ధతిలో కోడాన్ 6 అంటారు. ప్రోటీన్ తయారవుతుండగానే మొదటి మెథియోనిన్ తెగిపోతుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పటి అంతర్జాతీయ పద్ధతి దాన్నీ లెక్కిస్తుంది, కాబట్టి అదే మార్పు 7వ స్థానానికి జరుగుతుంది. అంతటితో అయిపోలేదు. ఈ జన్యువు క్రోమోజోమ్ ప్రామాణిక అనుక్రమంలో ప్రతికూల పోగు మీద, అంటే డీఎన్ఏ రెండు పోగుల్లో ఎదురుగా ఉన్నదాని మీద ఉంటుంది; ‘ఏ’కు ఎదురుగా ఎప్పుడూ ‘టీ’ ఉంటుంది. అందువల్ల జన్యువు వైపు నుంచి రాసేటప్పుడు 20వ సంకేత బేస్‌లో ‘ఏ’ పోయి ‘టీ’ వచ్చిందంటారు. క్రోమోజోమ్ వైపు నుంచి రాసే ఫైళ్లలో మాత్రం అదే మార్పు ‘టీ’ పోయి ‘ఏ’ వచ్చినట్టు కనిపిస్తుంది. రెండూ ఒకటే. ఈ తేడా గమనించక ఇద్దరు తోబుట్టువులకు వేర్వేరు మ్యుటేషన్లు ఉన్నాయని అనుకునే ప్రమాదం నిజంగానే ఉంది.

జన్యువు తెరుచుకోవడం

ఒక కణంలోని డీఎన్ఏను సాగదీస్తే దాదాపు రెండు మీటర్లు వస్తుంది. అది కొన్ని మైక్రోమీటర్ల కేంద్రకంలో ఇమడాలంటే హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ చుట్టుకోవాలి. ప్రతి 147 బేస్ జతలు ఒక హిస్టోన్ గుత్తిని ఒకటిన్నర సార్లకు పైగా చుడతాయి. చుట్టుకున్న చోట, డీఎన్ఏను చూసి ఆర్ఎన్ఏ రాసే అనులేఖన యంత్రాంగానికి చోటు దొరకడం కష్టం. కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ బీటా గ్లోబిన్ జన్యువు చెక్కుచెదరకుండా ఉంటుంది, కానీ మూతపడి ఉంటుంది. ఎముక మజ్జలో ఎర్రకణాలుగా మారబోయే కణాల్లో మాత్రమే గాటా1, కేఎల్ఎఫ్1 అనే ప్రోటీన్లు అక్కడ కుదురుకుని ఆ ప్రాంతాన్ని తెరుస్తాయి.

తెరిచే అధికారం జన్యువు దగ్గరే ఉండదు. బీటా జన్యువుకు సుమారు 50 వేల బేస్ జతల దూరంలో ‘లోకస్ కంట్రోల్ రీజియన్’ అనే ప్రాంతం ఉంది. డీఎన్ఏ వంపు తిరిగి ఆ ప్రాంతాన్ని జన్యువు ముంగిటికి తెస్తేనే ఉత్పత్తి పుంజుకుంటుంది. 1980ల తొలినాళ్లలో నెదర్లాండ్స్‌కు చెందిన ఒక కుటుంబంలో ఇది బయటపడింది. వాళ్ల బీటా జన్యువు పూర్తిగా సవ్యంగానే ఉంది. దానికి ఎగువన దాదాపు లక్ష బేస్ జతలు, ఈ నియంత్రణ ప్రాంతంతో సహా, తెగిపోయాయి. ఫలితంగా జన్యువు మూగబోయింది.

పరీక్ష చేసేవారికి ఈ ఉదాహరణ చాలా ముఖ్యం. జన్యువును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి ‘మ్యుటేషన్ లేదు’ అని రాయడం సులువే. అలాంటి తొలగింపులో రోగి దగ్గర ఒక మంచి ప్రతి కూడా ఉంటుంది కాబట్టి అక్షరాలు చదివే పద్ధతికి ఏ లోపమూ కనిపించదు. రక్త పరీక్ష తలసీమియా అంటుంటే, అనుక్రమం బాగుందంటుంటే, అప్పుడు ప్రతుల సంఖ్యను లెక్కించే ఎంఎల్‌పీఏ లాంటి పరీక్ష చేయించాలి.

తెరుచుకున్న తర్వాత అనులేఖనం మొదలవుతుంది. ఆరంభ స్థానానికి సుమారు 30 బేస్‌ల ముందు టాటా పెట్టె, 75 దగ్గర సీసీఏఏటీ పెట్టె, 90 దగ్గర సీఏసీసీసీ పెట్టె. వీటిలో అక్షరం మారితే ఉత్పత్తి తగ్గుతుంది, సాధారణంగా పూర్తిగా ఆగదు. అందుకే ప్రమోటర్ మ్యుటేషన్లు ఎక్కువగా తేలికపాటి రకానికి చెందుతాయి. −101 స్థానంలో, అంటే ఆరంభానికి 101 బేస్‌ల ముందు, ‘సీ’ పోయి ‘టీ’ వచ్చే మార్పు మరీ మృదువైనది. దాన్ని మోస్తున్న వ్యక్తి రక్త పరీక్షలన్నీ మామూలుగా వచ్చే అవకాశం ఉంది. అతని జీవిత భాగస్వామికి తీవ్రమైన మ్యుటేషన్ ఉండి, రెండూ బిడ్డకు చేరినప్పుడే దాని ఉనికి తెలుస్తుంది.

అనులేఖనం చేసే ఎంజైమ్ ‘ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2’ నిమిషానికి సుమారు వెయ్యి నుంచి నాలుగు వేల బేస్‌ల వేగంతో సాగుతుంది. బీటా గ్లోబిన్ ఒక నిమిషం పని. కండరాల ప్రోటీన్ డిస్ట్రోఫిన్ జన్యువు 22 లక్షల బేస్ జతలకు పైగా ఉండటంతో ఒక్క ప్రతి పూర్తవడానికి దాదాపు 16 గంటలు పడుతుంది. ఎర్రకణాల్లాగా తక్కువ వ్యవధిలో విపరీతమైన మొత్తంలో ఒకే ప్రోటీన్ చేయవలసిన చోట పొట్టి జన్యువు ఉండటం ఎంత అనుకూలమో ఈ లెక్కే చెబుతుంది.

స్ప్లైసింగ్: అక్షరాల అసలు పరీక్ష ఇక్కడే

ఆర్ఎన్ఏ ఇరవై ముప్పై బేస్‌లు బయటికి రాగానే దాని మొదటి కొసకు మిథైల్ గ్వానోసిన్ టోపీ తగులుతుంది. అనులేఖనం ఇంకా సాగుతుండగానే ఇంట్రాన్లను తొలగించే పని మొదలవుతుంది. ఇంట్రాన్ దాదాపు ఎప్పుడూ ‘జీయూ’తో మొదలై ‘ఏజీ’తో ముగుస్తుంది (డీఎన్ఏలోని ‘టీ’ ఆర్ఎన్ఏలో ‘యూ’ అవుతుంది). కానీ ఈ రెండేసి అక్షరాలు ఆర్ఎన్ఏలో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. కాబట్టి యంత్రాంగం చుట్టుపక్కల అక్షరాలను కూడా చూస్తుంది. యూ1 అనే చిన్న ఆర్ఎన్ఏ, ఎక్సాన్ చివరి మూడు అక్షరాలతోనూ ఇంట్రాన్ మొదటి ఆరు అక్షరాలతోనూ జతకడుతుంది. ఎన్ని జతలు కుదిరితే ఆ చోటు అంత బలమైనది.

బీటా గ్లోబిన్ మొదటి ఇంట్రాన్ ఆరంభంలో దొరికిన మూడు మ్యుటేషన్లు ఈ సంగతిని ఎవరో ప్రయోగం రూపొందించి చూపినంత స్పష్టంగా చూపిస్తాయి. మొదటి అక్షరం ‘జీ’ పోతే సరైన చోట కోత అసాధ్యం. బీటా గ్లోబిన్ సున్నా. ఐదో అక్షరం ‘జీ’ పోయి ‘సీ’ వస్తే జత బలహీనపడుతుంది. యంత్రాంగం ఎక్కువసార్లు పక్కనున్న నకిలీ చోట్లను ఎంచుకుంటుంది, అయినా కొద్దిపాటి సరైన సందేశం వస్తుంది, జబ్బు తీవ్రమే. ఆరో అక్షరం ‘టీ’ పోయి ‘సీ’ వస్తే సరైన సందేశం గణనీయంగానే వస్తుంది, తేలికపాటి తలసీమియా. ఒకే చోట, ఆరు అక్షరాల పరిధిలో, మూడు తీవ్రతలు. ఈ మూడింటిలో దేనివల్లా ఏ అమైనో ఆమ్లమూ నేరుగా మారలేదు.

ఇంట్రాన్ లోపల, సరిహద్దులకు దూరంగా ఉన్న మార్పు హాని చేయదనుకోవడం కూడా పొరపాటే. మధ్యధరా ప్రాంతంలో ఎక్కువగా కనిపించే మ్యుటేషన్ మొదటి ఇంట్రాన్‌లో 110వ అక్షరం ‘జీ’ని ‘ఏ’గా మారుస్తుంది. దాని తర్వాత ఉన్నది ‘జీ’. అంటే కొత్తగా ఒక ‘ఏజీ’ పుట్టింది, అదీ ముగింపు గుర్తుకు తగిన పరిసరాల్లో. అసలు ముగింపు కంటే ముందే ఇది ఎదురవుతుంది కాబట్టి సుమారు 90 శాతం సందేశాలు ఇక్కడే తెగుతాయి. ఇంట్రాన్‌లోని 19 అక్షరాలు సందేశంలో ఉండిపోతాయి. 19ని మూడుతో భాగిస్తే శేషం మిగులుతుంది, మూడేసి అక్షరాలుగా చదివే చట్రం జరిగిపోతుంది, కొద్ది దూరంలోనే ఆగమనే కోడాన్ తగులుతుంది. మిగతా పది శాతం సరైన సందేశమే రోగికి దక్కే బీటా గ్లోబిన్.

ఇంకా విలువైన ఉదాహరణలు మొదటి ఎక్సాన్ లోపల ఉన్నాయి. అక్కడ 25వ కోడాన్ దగ్గర ఒక దాగిన కోత స్థలం ఉంది. మామూలుగా అది బలహీనం కావడంతో ఎవరూ దాన్ని పట్టించుకోరు. 24వ కోడాన్ జీజీటీ అయితే గ్లైసిన్, జీజీఏ అయినా గ్లైసిన్. ప్రోటీన్ దృష్టిలో ఈ మార్పుకు అర్థమే లేదు. కానీ ఆ ‘ఏ’ రాకతో దాగిన స్థలానికి ముందు ‘ఏజీ’ ఏర్పడి, అది యూ1కు మరింత నచ్చే రూపం దాలుస్తుంది. ఫలితం తలసీమియా. 26వ కోడాన్‌లో జీఏజీ పోయి ఏఏజీ వస్తే గ్లూటామిక్ ఆమ్లం స్థానంలో లైసిన్ చేరుతుంది. ఆగ్నేయాసియాలో విస్తారంగా ఉన్న ‘హిమోగ్లోబిన్-ఈ’ (E) ఇదే. అమైనో ఆమ్లం మారడం దీని కథలో సగం మాత్రమే. ఆ మార్పు దాగిన స్థలంలోని ‘జీటీజీఏజీ’ని ‘జీటీఏఏజీ’గా, అంటే ఆదర్శ రూపానికి దగ్గరగా, తెస్తుంది. కొన్ని సందేశాలు అక్కడ తెగి వృథా అవుతాయి, ఉత్పత్తి తగ్గుతుంది. అందుకే ‘హిమోగ్లోబిన్-ఈ’ ఒక వైపు నుంచి, తీవ్రమైన బీటా మ్యుటేషన్ మరోవైపు నుంచి వచ్చిన పిల్లలకు తలసీమియా వస్తుంది.

‘నిశ్శబ్ద మార్పు’ అనే మాటను జన్యు నివేదికల్లో జాగ్రత్తగా వాడాలనడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు. అమైనో ఆమ్లం మారలేదన్న ఒక్క కారణంతో మార్పును పక్కన పెట్టే సాఫ్ట్‌వేర్ వడపోత 24వ కోడాన్ మ్యుటేషన్‌ను తప్పక వదిలేస్తుంది. స్ప్లైసింగ్ మీద ప్రభావాన్ని అంచనా వేసే సాధనాలు వేరుగా ఉన్నాయి, వాటిని తప్పక జోడించాలి. అనుమానం మిగిలితే రోగి రెటిక్యులోసైట్ల (ఇంకా ఆర్ఎన్ఏ మిగిలి ఉన్న లేత ఎర్రకణాల) ఆర్ఎన్ఏ తీసి సందేశం పొడవును నేరుగా చూడటమే తీర్పు.

చివరి కొస పనికి గుర్తు ఏఏటీఏఏఏ. దాని తర్వాత 10 నుంచి 30 బేస్‌ల దూరంలో ఆర్ఎన్ఏ తెగి, సుమారు రెండు వందల అడెనిన్ల తోక చేరుతుంది. ఆ గుర్తు ఏఏసీఏఏఏ అయిన రోగుల్లో కోత సరైన చోట పడక, ఆర్ఎన్ఏ మరో 900 బేస్‌ల దాకా సాగి ఇంకో గుర్తు దగ్గర ఆగుతుంది. ఆ పొడవాటి సందేశం నిలకడ తక్కువ.

తప్పు సందేశాన్ని కణం ఎలా గుర్తిస్తుంది

39వ కోడాన్ సీఏజీ, అంటే గ్లూటమిన్. ఒక్క అక్షరంతో అది టీఏజీ అయితే అక్కడే అనువాదం ఆగుతుంది. సార్డీనియాలో బీటా తలసీమియాకు ప్రధాన కారణం ఇదే. సగం పొడవైనా లేని ప్రోటీన్ ముక్క కణంలో పేరుకుపోవాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ కణాల్లో ముక్క కాదు, దాని సందేశమే దాదాపు కనిపించదు.

స్ప్లైసింగ్ జరిగిన ప్రతి అతుకుకు 20–24 బేస్‌ల ముందు ఒక ప్రోటీన్ గుత్తి అంటుకుని ఉంటుంది. సందేశాన్ని చదివి ప్రోటీన్ తయారుచేసే రైబోసోమ్ మొదటిసారి వెళ్లేటప్పుడు దారిలోని గుత్తులన్నింటినీ తొలగిస్తుంది. సాధారణ సందేశంలో ఆగే కోడాన్ చివరి ఎక్సాన్‌లో ఉంటుంది కాబట్టి గుత్తి ఒక్కటీ మిగలదు. ఆగే కోడాన్ చివరి అతుకుకు 50–55 బేస్‌ల కంటే ఎక్కువ ముందుంటే కనీసం ఒక గుత్తి మిగిలిపోతుంది. అప్పుడు యూపీఎఫ్1 అనే ప్రోటీన్ ఆ సందేశాన్ని తప్పుగా గుర్తించి నాశనానికి పంపుతుంది. బీటా గ్లోబిన్‌లో చివరి అతుకు 104వ కోడాన్ తర్వాత ఉంది. 39 నుంచి అక్కడికి దాదాపు 195 బేస్‌లు. నియమం వర్తిస్తుంది, సందేశం నశిస్తుంది.

ఇప్పుడు 121వ కోడాన్‌ను చూడాలి. జీఏఏ పోయి టీఏఏ వచ్చినా అది మూడో ఎక్సాన్‌లో, చివరి అతుకు దాటాక ఉంది. గుత్తులేవీ మిగలవు, కాబట్టి సందేశం బతికిపోతుంది, దాదాపు పూర్తి పొడవున్న తప్పుడు ప్రోటీన్ తయారవుతుంది. అది సరిగా మడత పడదు, కణంలో గడ్డలు కడుతుంది. 39వ కోడాన్ మ్యుటేషన్ ఒకటే ఉన్న వ్యక్తి స్వల్ప రక్తహీనతతో మామూలుగా జీవిస్తాడు. 121వ కోడాన్ మ్యుటేషన్ ఒక్కటి ఉన్నా జబ్బు రావచ్చు. ఎక్కువ ప్రోటీన్ మిగిల్చిన మ్యుటేషనే ఎక్కువ హాని చేస్తోంది. ఆగే కోడాన్ ఎంత ముందు వస్తే అంత ప్రమాదమన్న సహజ ఊహకు ఇది పూర్తిగా వ్యతిరేకం.

సందేశం నిలకడ విషయంలో ఆల్ఫా గ్లోబిన్‌లోని ఒక ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. హిమోగ్లోబిన్ కాన్‌స్టంట్ స్ప్రింగ్‌లో ఆగే కోడాన్ టీఏఏ కాస్తా సీఏఏ అవుతుంది. రైబోసోమ్ ఆగకుండా ముందుకెళ్లి 31 అదనపు అమైనో ఆమ్లాలు చేరుస్తుంది. అసలు నష్టం మాత్రం వేరే. గ్లోబిన్ సందేశాన్ని రోజుకు పైగా కాపాడే ప్రోటీన్లు ఆ చివరి భాగాన్నే పట్టుకుని ఉంటాయి. రైబోసోమ్ వాటిని తోసేయడంతో సందేశం త్వరగా శిథిలమవుతుంది.

అనువాదం, సమతూకం

64 కోడాన్లలో 61 అమైనో ఆమ్లాలకు, మూడు ఆగడానికి. 1961లో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మతాయ్ మొదటి కోడాన్‌ను ఛేదించారు. హర్ గోబింద్ ఖొరానా రసాయనికంగా తయారుచేసిన ఆర్ఎన్ఏలు తోడవడంతో 1966 నాటికి పట్టిక పూర్తయింది. కణంలో రైబోసోమ్ సెకనుకు సుమారు ఐదు అమైనో ఆమ్లాలు కలుపుతుంది. బీటా గ్లోబిన్ గొలుసు అరనిమిషంలో సిద్ధం. ఒక సందేశం మీద ఒకేసారి సాధారణంగా ఐదు రైబోసోమ్‌లు నడుస్తుంటాయి. 41, 42 కోడాన్ల దగ్గర నాలుగు అక్షరాలు పోయే మ్యుటేషన్ చైనాలోనూ ఆగ్నేయాసియాలోనూ సాధారణం. నాలుగు మూడుకు గుణిజం కాదు కాబట్టి ఆ తర్వాతి కోడాన్లన్నీ తప్పుతాయి. మూడు అక్షరాలు పోయి ఉంటే ఒక్క అమైనో ఆమ్లంతో సరిపోయేది.

జన్యువు, సందేశం రెండూ బాగున్నా అనువాదాన్ని కణం తానే ఆపుకోగలదు. గ్లోబిన్ గొలుసులకు ఆక్సిజన్‌ను పట్టుకునే హీమ్ కావాలి, హీమ్‌కు ఇనుము కావాలి. హీమ్ తగ్గితే హెచ్ఆర్ఐ అనే ఎంజైమ్ మేల్కొని ఈఐఎఫ్2 ఆల్ఫా అనే ఆరంభ కారకానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. కొత్త గొలుసుల తయారీ మందగిస్తుంది. ఇనుము లోపంలో ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉండటం వెనక ఈ అదుపు ఉంది. అది లేకపోతే హీమ్ లేని గొలుసులు పోగుపడి కణాన్నే చంపుతాయి.

పోగుపడటం అన్నదే తలసీమియాలో కీలకం. బీటా గొలుసులు లేకపోవడం కంటే, జతలేక మిగిలిపోయిన ఆల్ఫా గొలుసులు చేసే నష్టం ఎక్కువ. అవి పొరలకు అంటుకుని, ఎర్రకణాలు మజ్జ దాటకముందే వాటిని చంపుతాయి. కాబట్టి బీటా తలసీమియాతో పాటు ఆల్ఫా జన్యువుల్లో ఒకటి రెండు కూడా పోయిన రోగికి జబ్బు తేలికగా ఉంటుంది. రెండు లోపాలు కలిసి మేలు చేయడం వింతగా తోచినా, ఇక్కడ లెక్కించవలసింది నిష్పత్తిని.

కొలిచేటప్పుడు వచ్చే తప్పులు

వ్యక్తీకరణను కొలవడమంటే ఎక్కువ సందర్భాల్లో సందేశ ఆర్ఎన్ఏను కొలవడమే. ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైమ్‌లు చర్మం మీదా బల్ల మీదా అంతటా ఉంటాయి. రక్తం తీసిన వెంటనే స్థిరీకరణ ద్రావణంలోకి చేర్చాలి. వెలికితీసిన ఆర్ఎన్ఏను మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిల్వచేయాలి. 260, 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ నిష్పత్తి 2 చుట్టూ ఉంటే ప్రోటీన్ కలుషితం లేదని అర్థం. ఆర్ఎన్ఏ ముక్కలు కాలేదని అది హామీ ఇవ్వదు. దానికి అణువులను పొడవును బట్టి విడదీసే ఎలక్ట్రోఫోరెసిస్ చూడాలి.

ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చి, చక్రం చక్రానికీ రెట్టింపు చేస్తూ లెక్కించే ఆర్‌టీ-క్యూపీసీఆర్‌లో బీటా గ్లోబిన్ ప్రత్యేకంగా రెండు చిక్కులు పెడుతుంది. డీఎన్ఏ కలిసి ఉన్నా లెక్కలోకి రాకుండా ప్రైమర్లను (పెంచవలసిన ముక్కకు రెండు హద్దులుగా నిలిచే చిన్న డీఎన్ఏలను) ఇంట్రాన్‌కు అటూఇటూ పెట్టడం మామూలు జాగ్రత్త. ఇక్కడ మొదటి ఇంట్రాన్ 130 బేస్‌లే కావడంతో డీఎన్ఏ నుంచి కూడా ఆ ముక్క హాయిగా పెరుగుతుంది. కాబట్టి ప్రైమర్‌ను అతుకు మీదే కూర్చోబెట్టాలి, లేదా 850 బేస్‌ల రెండో ఇంట్రాన్‌కు అటూఇటూ పెట్టి పొడిగింపు సమయం తక్కువగా ఉంచాలి. ఏది చేసినా ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని నమూనాను పక్కన నడపాలి. రెండో చిక్కు డెల్టా గ్లోబిన్. దాని గొలుసు బీటాతో పది అమైనో ఆమ్లాల్లోనే తేడా పడుతుంది. తేడా ఉన్న అక్షరాలను ప్రైమర్ 3′ కొసకు (పొడిగింపు మొదలయ్యే కొసకు) వచ్చేలా ఎంచుకోకపోతే రెండూ కలిసి లెక్కకు వస్తాయి.

చక్రాల సంఖ్యలో ఒకటి తేడా అంటే రెండు రెట్లు అన్న సూత్రం సామర్థ్యం నూరు శాతం ఉన్నప్పుడే చెల్లుతుంది. తెలిసిన మొత్తాలతో గీసిన ప్రామాణిక రేఖ వాలు −3.32 అయితే నూరు శాతం, −3.1 నుంచి −3.6 వరకు ఆమోదిస్తారు. సామర్థ్యం 90 శాతమే ఉండి ఐదు చక్రాల తేడా వస్తే నిజమైన తేడా 1.9 ఐదో ఘాతం, అంటే సుమారు 25 రెట్లు. సూత్రాన్ని గుడ్డిగా వాడితే 32 రెట్లని వస్తుంది. మొత్తం రక్తంతో ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ చేసేవారికి ఇంకో సంగతి: గ్లోబిన్ సందేశాలను ముందే తొలగించకపోతే చదివినవాటిలో సగానికి పైగా అవే ఆక్రమిస్తాయి. తెల్లకణాల జన్యువులకు చోటు మిగలదు.

ఇంత జాగ్రత్తగా కొలిచినా సందేశం మొత్తం ప్రోటీన్ మొత్తానికి సమానం కాదు. 2011లో ఎలుక కణాల మీద చేసిన పెద్ద కొలతల్లో సందేశాల మధ్యస్థ అర్ధాయువు 9 గంటలు, ప్రోటీన్లది 46 గంటలు. ఎర్రకణం దీనికి పరాకాష్ఠ. కేంద్రకం పోయి, ఒకటి రెండు రోజుల్లో ఆర్ఎన్ఏ కూడా పోతుంది. ఆ తర్వాత సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులతో 120 రోజులు తిరుగుతుంది. అక్కడ సందేశాన్ని కొలిస్తే సున్నా.

స్విచ్‌ను మార్చే చికిత్స

పుట్టుకతో శిశువు రక్తంలో ఎక్కువ భాగం గామా గొలుసులున్న హిమోగ్లోబిన్ ఎఫ్. కొన్ని నెలల్లో గామా మూతపడి బీటా పైకి వస్తుంది. కాబట్టి బీటా తలసీమియా, సికిల్ సెల్ లక్షణాలు పుట్టిన వెంటనే కాక కొన్ని నెలల తర్వాత మొదలవుతాయి. గామాను మూసే ప్రధాన ప్రోటీన్ బీసీఎల్11ఏ. అది గామా ప్రమోటర్‌లో −115 దగ్గర ఉన్న టీజీఏసీసీఏ అనే అక్షరాలను పట్టుకుంటుంది. ఆ చోట సహజంగానే మార్పులున్న కుటుంబాల్లో పెద్దయ్యాక కూడా గామా పనిచేస్తూనే ఉంటుంది, వాళ్లు ఆరోగ్యంగా ఉంటారు.

2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొందిన క్యాస్‌జెవీ చికిత్స ఈ జ్ఞానం మీదే నిలిచింది. రోగి రక్త మూలకణాలను సేకరించి, శరీరం బయట క్రిస్పర్-క్యాస్9 అనే డీఎన్ఏ కత్తెరతో ఒక కోత పెడతారు. కోత పడేది బీటా జన్యువులో కాదు, బీసీఎల్11ఏ ప్రోటీన్ సంకేతంలోనూ కాదు. ఆ జన్యువు రెండో ఇంట్రాన్‌లో గాటా1 కూర్చునే, జన్యువు ఉత్పత్తిని పెంచే ఒక ఎన్‌హాన్సర్‌లో. బీసీఎల్11ఏ ఒక రకం తెల్లకణాలైన బీ లింఫోసైట్లకూ మూలకణాలకూ అవసరం. దాన్ని పూర్తిగా చెడగొడితే రక్తం మొత్తం దెబ్బతింటుంది. ఎర్రకణాల వరుసలో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్‌ను చెడగొడితే అక్కడ మాత్రమే బీసీఎల్11ఏ తగ్గి గామా లేస్తుంది. కోతను కణం తానే అతికించుకునేటప్పుడు కొన్ని అక్షరాలు పోవడమో చేరడమో జరుగుతుంది. గాటా1 గుర్తు చెరిగిపోవడానికి అది చాలు. కచ్చితమైన దిద్దుబాటు అక్కర్లేదు.

బీటా జన్యువును తాకకపోవడం వల్ల రోగిలో ఉన్నది మూడు వందల మ్యుటేషన్లలో ఏదైనా చికిత్స ఒకటే. భారమైన భాగం మరోచోట ఉంది. సవరించిన కణాలకు మజ్జలో చోటు దొరకాలంటే పాత కణాలను బుసల్ఫాన్‌తో నిర్మూలించాలి. ఆ మందు సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీయగలదు కాబట్టి ముందే అండాలు లేదా వీర్యం భద్రపరిచే విషయం మాట్లాడతారు. సవరణ రక్త మూలకణాలకే పరిమితం. బీజకణాల్లో పాత మ్యుటేషన్ అలాగే ఉంటుంది, పిల్లలకు అందుతుంది. రక్తమార్పిడి అవసరం తీరిన తర్వాత కూడా ఆ వ్యక్తి జీవిత భాగస్వామికి బీటా జన్యు పరీక్ష చేయించవలసిందే. ఆ పరీక్షలో −101 లాంటి నిశ్శబ్ద ప్రమోటర్ మార్పులనూ, పెద్ద తొలగింపులనూ వెతకాలి.